ఎర్రచీమల పచ్చడి ఆకలి తిండి కాదు

మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి అడవుల్లో మాడియా గోండులు ఎర్రచీమలను పచ్చడి నూరుకుని తింటారని చెబితే, పట్నంలో వినేవాళ్ళ నోట రెండే మాటలు వస్తాయి. మొదటిది "ఛీ". రెండోది కాస్త మర్యాద తెలిసినవాళ్ళు అనేది: "పాపం, ఏమీ దొరక్క తింటారు". ఈ రెండో మాటే నాకు ఎక్కువ అభ్యంతరంగా ఉంటుంది. అసహ్యం ఎవరిది వాళ్ళది. నోటికి సయించనిది తినమని ఎవరినీ బలవంతపెట్టలేం. జాలి అలా కాదు. పేదవాడు నోట్లో పెట్టుకునే ప్రతిదీ కడుపు నింపుకోవడానికే, రుచి ఎంచుకునే నాలుక అతనికి లేదు అని అది ముందే తీర్పు చెప్పేస్తుంది. ఈ తీర్పు తప్పని తెలుసుకోవడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఆ తిండి ఎప్పుడు దొరుకుతుంది, ఎంత దొరుకుతుంది, దానికి ఎంత పాటు పడాలి అన్నవి చూస్తే చాలు.

చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్, మనకు పరాయి నేల కూడా కాదు. వార్ధా, వైన్‌గంగ నదులు కలిసి ప్రాణహిత అవుతాయి, ఆ ప్రాణహితే కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా తాలూకా నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లాది. 1956లో నాందేడ్‌కు, 1959లో చాందాకు మారింది. గడ్చిరోలి 1982 దాకా చంద్రపూర్‌లో భాగమే. రాజురా, బల్లార్‌పూర్, గోండ్‌పిప్రి వైపు ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. జివతి తాలూకాకూ మన కెరమెరి మండలానికీ నడుమ 14 ఊళ్ళు ఏ రాష్ట్రానివో తేలక, అక్కడివాళ్ళు రెండు రాష్ట్రాల ఎన్నికల్లోనూ ఓటు వేస్తూ వచ్చారు. గోండులు, కొలాములు ఆ సరిహద్దుకు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. వాళ్ళు తినే తిండీ అంతే. అందుకని "అక్కడెక్కడో ఎవరో తింటారట" అని దూరం నుంచి వింతగా చెప్పుకునే వీలు తెలుగువాళ్ళకు లేదు.

చీమల సంగతి ముందు చూద్దాం. ఇవి ఇంట్లో పంచదార డబ్బాకు పట్టే చీమలు కావు. చెట్ల మీద పచ్చి ఆకులను దగ్గరికి లాగి, తమ లార్వాల నోటి నుంచి వచ్చే పట్టుదారంతో కుట్టి గూడు కట్టుకునే చెట్టు చీమలు. గూటి మీద చెయ్యి పడితే గుంపుగా మీదపడి కరుస్తాయి, కరిచినచోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. ఆ ఆమ్లమే పచ్చడిలో పులుపు. చెట్టెక్కి, కొమ్మ వంచి, కాట్లు తింటూ గూడు దులిపితే చివరికి మిగిలేది గుప్పెళ్ళ లెక్కన చీమలు, తెల్లటి గుడ్లు, లార్వాలు. వాటిని ఉప్పు, మిరపకాయలతో నూరితే అన్నంలోకో అంబలిలోకో నంజుకోవడానికి సరిపోతుంది. ఆకలితో ఉన్న మనిషి ఇంత కష్టపడి ఇంత కొంచెం కోసం చెట్టెక్కడు. అడవిలో కడుపు నింపడానికి దుంపలున్నాయి, ఇప్పపువ్వుంది. చీమల పచ్చడి చేసే పని మన ఇళ్ళలో చింతకాయ పచ్చడి చేసే పనే: చప్పటి ముద్దకు పులుపూ కారమూ ఇవ్వడం. తిండి లేనివాడు నంజుకునేదాని గురించి ఆలోచించడు. ముద్ద ఉన్నవాడే అది ఇంకా రుచిగా ఉండాలని కోరుకుంటాడు.

ఇది ఒక్క చాందా అడవుల వ్యవహారమైతే నా వాదన బలహీనమే అయ్యేది. బస్తర్ వారపు సంతల్లో ఈ చీమలు ఆకు దొన్నెల్లో అమ్ముడుపోతాయి. ఒడిశాలో మయూర్‌భంజ్ ఆదివాసులు ఇవే చీమలతో చేసే సిమిలిపాల్ కాయి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో ఇదే జాతి చీమల గుడ్లు, ప్యూపాలు ఎండాకాలంలో మాంసాన్ని మించిన ధరకు పోతాయి. డబ్బున్నవాళ్ళు కూడా కొనుక్కుని తింటారు. అదే చీమ అక్కడ విలాసం, ఇక్కడ దరిద్రం అయితే, ఆ తేడా చీమలో లేదు, తినేవాడి మీద మనకున్న అంచనాలో ఉంది. గోదావరి జిల్లాల్లో వరదనీరు రాగానే ఎదురీదుతూ వచ్చే పులస కోసం జనం వేలకు వేలు పోస్తారు. అది పెంపకానికి లొంగదు, కొన్ని వారాలే దొరుకుతుంది, ముళ్ళతో నిండి తినడం కష్టం. ఆకలికి తాళలేక పులస తింటున్నారని ఏ ఒక్కరూ అనరు.

కాలానికి కట్టుబడి ఉండటం ఈ తిండ్లన్నిటిలోనూ కనిపిస్తుంది. తొలకరి పడ్డాక ఏదో ఒక సాయంత్రం పుట్టల్లోంచి రెక్కల చెదలు, అంటే ఉసిళ్ళు, గుంపులుగా లేస్తాయి. కొత్త కాపురం పెట్టడానికి అవి జీవితంలో ఒక్కసారే ఎగురుతాయి. ఆ తర్వాత కొన్నాళ్ళు తిండి లేకుండా బతకాలి కనుక ఒళ్ళంతా కొవ్వు నింపుకుని బయటికి వస్తాయి. పెనం మీద నూనె చుక్క లేకుండానే కమ్మగా వేగడానికి కారణం అదే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ వీటిని వేయించుకుని తినే పల్లెలున్నాయి. ఆ పుట్టల మీదే వానాకాలంలో ఒక రకం పుట్టగొడుగులు మొలుస్తాయి. చెదలు పుట్ట లోపల తమ తిండికోసం పెంచుకునే బూజు నుంచి పుట్టేవి అవి. చెదలు లేకుండా ఈ పుట్టగొడుగును తోటలో పెంచడం ఇంతవరకు ఎవరికీ చేతకాలేదు. అందుకే సంతలో వీటి ధర షెడ్లలో పెంచిన తెల్ల పుట్టగొడుగుల ధరను ఎక్కడో దాటిపోతుంది. ఒకే పుట్ట నుంచి రెండు అపురూపమైన రుచులు, రెండూ కొద్దిరోజులే. ఏ ఊళ్ళో ఏ పుట్ట ఏ వానకు తెరుచుకుంటుందో గుర్తుపెట్టుకున్న మనిషిని "దొరికింది తింటాడు" అనడం ఎంత అన్యాయం!

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఇప్పపువ్వు నిజంగానే కరువు తిండి కదా? నిజమే. 1896-97లోనూ మళ్ళీ 1899-1900లోనూ కరువులు సెంట్రల్ ప్రావిన్సెస్‌ను పీల్చి పిప్పి చేసినప్పుడు అడవి పల్లెల ప్రాణాలు నిలబెట్టినవాటిలో ఇప్పపువ్వు ఒకటి. ఎండిన పువ్వులో సగానికి మించి చక్కెరలే, నిలవ ఉంటుంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున దానంతట అదే రాలుతుంది. కానీ కరువులో కాపాడిన తిండి రుచిలేనిదై ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. అదే పువ్వును మంచి సంవత్సరాల్లోనూ ఏరుతారు, వేయించి నువ్వులతో దంచి ఉండలు చేస్తారు, పిండిలో కలిపి రొట్టె కాలుస్తారు. దాని వాసన కొత్తవాళ్ళకు ఘాటుగా, కాస్త పులిసినట్టు తగులుతుంది. అలవాటైనవాళ్ళకు ఆ వాసనే నోరూరిస్తుంది. గింజల నుంచి తీసిన ఇప్పనూనెతో వంట కూడా చేసుకుంటారు.

ఇప్పపువ్వును తిండి జాబితా నుంచి తోసేసింది ఆకలి కాదు, ఆబ్కారీ. బొంబాయి ప్రెసిడెన్సీ ప్రభుత్వం 1892లోనే ఈ పువ్వు నిల్వ మీదా రవాణా మీదా ఆంక్షలు పెడుతూ ప్రత్యేక చట్టం చేసింది. దాని దృష్టిలో పువ్వంటే సారాకు ముడిసరుకు మాత్రమే. చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా మద్యనిషేధం అమలైంది. పువ్వును సారా కళ్ళతోనే చూసే చోట, ఇంట్లో బస్తా ఇప్పపువ్వు ఉన్నవాళ్ళ మీద అనుమానం పడటానికి ఎంతసేపు? మహారాష్ట్ర ప్రభుత్వం 2021లో ఈ పువ్వు సేకరణ, నిల్వ, రవాణాల మీద ఆంక్షలు సడలించింది. ఇటువైపు ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతోంది. సారా సంసారాలను కూల్చిన మాట కాదనను. నిషేధం కోసం చంద్రపూర్ మహిళలు వీధుల్లోకి వచ్చింది ఆ బాధతోనే. అయినా ద్రాక్ష నుంచి సారాయి తీస్తారని ఎండుద్రాక్షను ఎవరూ అనుమానించలేదు.

వెదురు కొమ్ముల విషయంలో వంటనేర్పు ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. వానల్లో నేల చీల్చుకుని వచ్చే లేత కొమ్ములో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. పచ్చిగా తింటే ప్రమాదం. పై పొరలు ఒలిచి, సన్నగా తరిగి, నీళ్ళలో నానబెట్టి, ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తేనే, లేదా కొన్నాళ్ళు పులియబెడితేనే అది కూరకు పనికొస్తుంది. ఇది ప్రయోగశాల చెప్పకముందే అడవి వంటిళ్ళకు తెలుసు. ఇదే వెదురును 1945లో మొదలైన బల్లార్‌పూర్ కాగితం కంపెనీ దశాబ్దాల పాటు లారీలకెత్తి గుజ్జు చేసింది. 1927 అటవీ చట్టం వెదురును కలపగా చూసింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే అది ఊరి జనం తీసుకోదగ్గ చిన్న అటవీ ఫలసాయం అయింది. కాగితానికి రాయితీ ధరకు కొండలకు కొండలు ఇచ్చినచోట, కూరకు నాలుగు కొమ్ములు విరిస్తే నేరం. ఆ రోజుల్లో వింత ఏదైనా ఉంటే అది కూరలో లేదు.

ఇక అసహ్యం గురించి. అమెరికా మనస్తత్వవేత్త పాల్ రోజిన్ పరిశోధనల్లో ఒకటి నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. పూర్తిగా శుభ్రపరిచి, ఏ క్రిమీ లేకుండా చేసిన బొద్దింకను పళ్ళరసంలో ముంచి తీసినా పెద్దవాళ్ళు ఆ రసం తాగడానికి ఇష్టపడరు. పసిపిల్లలకు మాత్రం ఆ పట్టింపు ఉండదు. అసహ్యం నాలుక మీద పుట్టదు, పెంపకంలో పుడుతుంది. మనం ఇష్టంగా తినే రొయ్యా పీతా కూడా చీమలాగా కీళ్ళకాళ్ళ జీవులే. ఇంతమాత్రాన అసహ్యం అబద్ధమని నేననను. నేర్చుకున్నదైనా అది నిజమైన అనుభవమే, కడుపులో నిజంగానే తిప్పుతుంది. ఒకరి పెంపకం ఇచ్చిన అసహ్యం ఇంకొకరి వంటకు కొలబద్ద కాదు, అంతే.

ఈ వాదనకు మద్దతుగా వచ్చే కొందరితో కూడా నాకు పేచీ ఉంది. చీమల పచ్చడి జ్వరం తగ్గిస్తుందని, కరోనాకు మందని ప్రచారం చేసినవాళ్ళున్నారు. ఆ పచ్చడిని కరోనా చికిత్సకు వాడేలా ఆదేశించాలన్న పిటిషన్‌ను 2021లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. రొయ్యలు పడనివాళ్ళకు కీటకాలు కూడా పడకపోవచ్చని మాత్రం గట్టిగా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013 నివేదిక ప్రపంచంలో 1,900కు పైగా కీటక జాతులను మనుషులు తింటున్నారని లెక్కగట్టాక, పురుగులంటే రేపటి ప్రోటీన్ అన్న మాట ఊపందుకుంది. అది జాలికన్నా మర్యాదగా వినిపిస్తుంది, కానీ చివరికి చెప్పేది అదే: ఇది తినేది అవసరం కోసం. మాడియా ఇల్లాలు పచ్చడి నూరేటప్పుడు ప్రోటీన్ లెక్క కట్టదు, పులుపు సరిపోయిందా లేదా అని వేలు ముంచి చూస్తుంది. అలాగే, అడవిలో దొరికే ప్రతిదీ తినొచ్చన్నది కూడా నా మాట కాదు. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాని మాంసాన్ని రుచి పేరుతో సమర్థించలేం. చీమల కాలనీ అనేక గూళ్ళలో విస్తరించి ఉంటుంది, రాణి ఒక్క గూటిలోనే ఉంటుంది. కొన్ని దులిపితే కాలనీ కోలుకుంటుంది, అన్నీ దులిపితే పోతుంది. ఎక్కడ ఆగాలో రుచి తెలిసిన ఊరికి తెలుసు. బయటి గిరాకీ పెరిగితే ఆ హద్దు నిలుస్తుందా అన్నది నన్ను నిజంగా భయపెట్టే ప్రశ్న.

ఎందుకంటే ఏరేవాళ్ళ కష్టం ధరలో కనపడదు. తాడోబా పులుల అభయారణ్యం చుట్టుపక్కల అడవుల్లో తెల్లవారుజామున వంగి ఇప్పపువ్వు ఏరే మనిషి పులికి ఎదురుపడుతుంది. చంద్రపూర్ జిల్లాలో తునికాకుకో పువ్వుకో వెళ్ళి పులివాతబడ్డవాళ్ళ వార్తలు ఏటా వస్తాయి. 2025 మేలో సిందేవాహి తాలూకాలో ఒకే రోజు ముగ్గురు స్త్రీలు చనిపోయారు. అంత ప్రమాదంలో తునికాకు ఏరడం మాత్రం ఆకలి కోసమే, రొక్కం కోసమే. ఆ తేడా తెలిసిన ఊరు గోండ్‌పిప్రి తాలూకాలోని పాచ్‌గావ్. 2012లో సామూహిక అటవీ హక్కు దక్కాక ఆ గ్రామసభ తునికాకు కోత మానేసింది. ఆకు కోసం కొమ్మలు నరకాలి, చిగుళ్ళు రావాలని అడవికి నిప్పు పెట్టాలి. వెదురు అమ్మకంతో ఊరు గడుస్తుంది కనుక ఆకు మీద వచ్చే డబ్బు వదులుకున్నారు. కొమ్మలు నరకడం ఆగిపోయాక చెట్లు కాపుకొచ్చాయి. ఇప్పుడు ఎండాకాలంలో ఆ ఊళ్ళో తునికిపండ్లు తింటున్నారు.