గృహకూటానికి ఏ పుస్తకం?

గృహకూటంలో ఏ పుస్తకం చదవాలని సంఘపెద్దలు అడుగుతుంటారు. ఒకసారి మేము ఖాళీలు పూరించే పాఠపుస్తకం ఎంచుకున్నాం. చదువురాని తల్లులు రెండు వారాలకే రావడం మానేశారు. తప్పు మాదే. అచ్చు చూశామే గాని వారిని చూడలేదు. 1529లో మార్టిన్ లూథర్ చిన్న కాటెకిజం రాసింది ఇంటిపెద్ద నోటితో నేర్పడానికి వీలుగానే గదా!

తర్వాత ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక తీసుకున్నాం. ఉన్నది 25 వచనాలే. ఒకరు బిగ్గరగా చదివితే అందరూ విన్నారు. వ్యాఖ్యాన గ్రంథాలు కాపరి ఇంట్లో ఉంటే చాలు.

దాసుడైన ఒనేసిమును సహోదరునిగా చేర్చుకోమని పౌలు వేడుకున్నాడు. “ఆ యజమాని చేర్చుకున్నాడా అయ్యగారూ?” అని ఇళ్లల్లో పనిచేసుకునే ఒక తల్లి అడిగింది. ఆ పత్రికలో జవాబు లేదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4:9 తీశాం. అక్కడ ఒనేసిము నమ్మకమైన సహోదరుడు. “మళ్లీ చదవండి” అందామె.