కంటికి కనిపించే సంగీతం

సినిమా తీయాలంటే కెమెరా ఉండాలి కదా! కాని 1949లో కెనడా దేశంలో, కెమెరాతో తీయకుండా ఫిలిం మీదనే బొమ్మలు వేసి ఒక చిత్రాన్ని తయారుచేశారు. దాని పేరు ‘బిగాన్ డల్ కేర్’. ‘దిగులా, దూరంగా పో’ అని అర్థం. ఆ దేశపు జాతీయ ఫిలిం బోర్డులో పనిచేసిన నార్మన్ మెక్‌లారెన్, ఈవ్‌లిన్ లాంబార్ట్ దాని దర్శకులు. ఎనిమిది నిమిషాలలోపే ముగిసే ఈ చిత్రంలో కథ లేదు, పాత్రలు లేవు. ఆస్కార్ పీటర్సన్ బృందం వాయించిన జాజ్ సంగీతానికి రంగులూ గీతలూ నాట్యమాడుతాయి.

ప్రాణంలేని గీత తాళం తప్పకుండా ఎట్లా ఆడుతుంది? దీని వెనుక ఒక చిన్న లెక్క ఉన్నది. 35 మిల్లీమీటర్ల ఫిలిం సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. అడుగు ఫిలింలో 16 బొమ్మలుంటాయి. కాబట్టి ఒక సెకను సంగీతం 18 అంగుళాల ఫిలింకు సమానం. పావు సెకను మోగే స్వరానికి ఆరు బొమ్మలు, అంటే నాలుగున్నర అంగుళాలు. చెవికి మాత్రమే తెలిసే కాలం ఈ విధంగా కొలబద్దకు అందే పొడవుగా మారుతుంది. అందుకే సంగీతాన్ని ముందుగా రికార్డు చేసి, ఆ కొలతలను బట్టి రంగులు వేశారు.

ఇంత ఖచ్చితం ఎందుకు? విడివిడి బొమ్మలను కలిపి చలనంగా గ్రహించేది మన మెదడే. ఒక శబ్దమూ ఒక మెరుపూ దాదాపు ఒకే క్షణంలో అందితే మెదడు ఆ రెండింటినీ ఒకే సంఘటనగా భావిస్తుంది. అప్పుడు స్వరమే కంటికి కనిపించినట్లుంటుంది. పావు సెకను తేడా వచ్చినా ఆ భ్రమ చెదిరిపోతుంది.

మామూలు కార్టూనులో ప్రతి బొమ్మనూ విడిగా గీస్తారు. ఇక్కడ చాలాచోట్ల బొమ్మల హద్దులను లెక్కచేయకుండా, ఫిలిం పొడవునా కుంచెతో రంగు పూశారు. తడి ఆరకముందే దానిపై అల్లిక బట్టలను అద్దారు. నెమ్మదిగా సాగే రెండవ భాగంలో నల్లని ఫిలింపై సన్నని గీతలు గీకారు. ఫిలింపై బొమ్మ వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. 6.6 మీటర్ల తెరపై అది 300 రెట్లు పెరుగుతుంది. చేయి అర మిల్లీమీటరు వణికితే, తెరమీద గీత 15 సెంటీమీటర్లు కదులుతుంది!

మరొక చోట ఇది లోపమే. ఇక్కడ ఆ వణుకే గీతకు జీవం పోసింది. జాజ్ వాద్యకారుడు తాళానికి కట్టుబడి ఉంటూనే అప్పటికప్పుడు కొత్త స్వరాలను అల్లుతాడు. ఈ చిత్రకారులు చేసినదీ అదే. నిడివిని అంగుళాలలో కొలుచుకున్నారు; ఆ హద్దులలో చేతికి స్వేచ్ఛనిచ్చారు.