కాంట్రాక్ట్ జాబ్‌లో ఉన్నారా? సొంత హెల్త్ ఇన్సూరెన్స్ కొనాలా, వద్దా.. మదనపల్లె, పుంగనూరు, కుప్పం యువత ముందు చూసుకోవాల్సినవి ఇవే

మదనపల్లెలో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసేవాళ్లు, కుప్పంలో రైలెక్కి అదే బెంగళూరుకి వెళ్లొచ్చేవాళ్లు, పుంగనూరులో ఎలక్ట్రికల్, సివిల్ పనులు కాంట్రాక్ట్‌కి పట్టేవాళ్లు.. వీళ్లలో చాలామందికి ఒకటే సమస్య. పని చేస్తే డబ్బు వస్తుంది. ఆసుపత్రిలో పడితే మాత్రం బిల్లు ఎవరు కడతారో తెలీదు. పర్మనెంట్ ఉద్యోగులకు ఉండే గ్రూప్ ఇన్సూరెన్స్ వీళ్ల అగ్రిమెంట్‌లో కనిపించదు. "ఇరవై ఐదేళ్లకే మనకేం రోగం వస్తుందిలే" అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

మరి సొంతంగా పాలసీ కొనాల్సిందేనా? ఏజెంట్‌కి ఫోన్ చేసే ముందు, మీ చేతిలో ఇప్పటికే ఏముందో చూసుకోండి.

మొదటిది ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇదే. కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం చేస్తే ఇది రాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కుటుంబ వార్షిక ఆదాయం 5 లక్షల లోపు ఉంటే కాంట్రాక్ట్ ఉద్యోగులకూ వర్తించేలా గతంలోనే రూల్స్ మార్చారు. 2025 సెప్టెంబర్‌లో ఏపీ కేబినెట్ యూనివర్సల్ హెల్త్ పాలసీకి కూడా ఓకే చెప్పింది. 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల వరకు ట్రస్ట్ భరించేలా దాన్ని రూపొందించారు. ఈ రోజుకి మీ ఇంటికి ఏది వర్తిస్తుందో సచివాలయంలో ఆధార్ నంబర్ ఇచ్చి చెక్ చేయించుకోండి. 104కి ఫోన్ చేసినా చెబుతారు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఈ పథకం లిస్టులో ఉన్న ప్రొసీజర్లకే, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే పనిచేస్తుంది. మన ప్రాంతంవాళ్లు పెద్ద జబ్బు అంటే ఎక్కడికి వెళ్తారు? తిరుపతి, వేలూరు, బెంగళూరు. కుప్పంవాళ్లకు పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర్లో ఉన్నా, సీరియస్ కేసు అనగానే బండి బెంగళూరు రోడ్డు పడుతుంది. 2019 నవంబర్ నుంచి బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలోనూ కొన్ని ఆసుపత్రులను ఈ పథకంలో చేర్చారు కానీ అన్నింట్లోనూ, అన్ని జబ్బులకూ నడవదు. యాక్సిడెంట్ అయి అర్ధరాత్రి ఏ ఆసుపత్రి దగ్గరుంటే అందులో చేర్చినప్పుడు ఆ లిస్టు ఎవరూ తీసి చూడరు. సొంత పాలసీ అవసరం బయటపడేది అక్కడే.

రెండోది ఈఎస్ఐ. మీరు ఏజెన్సీ ద్వారా ఫ్యాక్టరీలోనో, ఆఫీసులోనో పనిచేస్తూ నెల జీతం 21 వేల లోపు ఉంటే, పే స్లిప్‌లో 0.75 శాతం కట్ అవుతోందేమో చూడండి. కట్ అవుతుంటే మీకూ, మీమీద ఆధారపడ్డ ఇంట్లోవాళ్లకూ వైద్యం ఉన్నట్టే. అదే మీరు ఇన్వాయిస్ పెట్టి డబ్బు తీసుకునే ఫ్రీలాన్సర్ అయితే ఈఎస్ఐ ఉండదు.

మూడోది, కొన్ని కంపెనీలు కాంట్రాక్ట్‌వాళ్లకూ గ్రూప్ కవర్ ఇస్తాయి. మంచిదే. కానీ కాంట్రాక్ట్ అయిపోయిన రోజే ఆ కవర్ కూడా పోతుంది. మానేసే ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు అడగండి. అప్పటిదాకా పూర్తయిన వెయిటింగ్ పీరియడ్ లెక్కలోకి వస్తుంది.

ఇంతకీ వెయిటింగ్ పీరియడ్ ఎందుకంత ముఖ్యం? కొత్త పాలసీ తీసుకున్నాక మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప మిగతా జబ్బులకు క్లెయిమ్ రాదు. హెర్నియా, కిడ్నీలో రాళ్లు లాంటి వాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు. 2024కి ముందు ఇది నాలుగేళ్లుండేది. జబ్బు బయటపడ్డాక కొంటే ఆ జబ్బుకే ఏళ్ల తరబడి కవర్ ఉండదు. పాతికేళ్లప్పుడు కొనమనేది అందుకే. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ గడువు గడిచిపోతుంది.

ఇక ఖర్చు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. 8 వేల ప్రీమియం మీద ఇంతకుముందు 1,440 రూపాయలు పన్ను పడేది, ఇప్పుడు లేదు. బడ్జెట్ తక్కువైతే ఆరోగ్య సంజీవని అడగండి. పేరు ఒకటే, ఏ కంపెనీలో కొన్నా రూల్స్ కూడా ఒకటే. ఇందులో క్లెయిమ్‌లో 5 శాతం మనమే కట్టాలి. లక్ష బిల్లు అయితే 5 వేలు మన జేబులోంచి.

చవగ్గా వస్తోందని కొనేముందు రూమ్ రెంట్ లిమిట్ చూడండి. మా దృష్టిలో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాలసీలో రోజుకు 3 వేల రూమ్ అని ఉందనుకుందాం. బెంగళూరులో మీరు 6 వేల రూమ్‌లో చేరారు. కోత పడేది రూమ్ అద్దెకే అనుకుంటే పొరపాటే. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా సగమే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, టెస్టులకు మాత్రం ఈ కోత వర్తించదు. బెంగళూరు ఆసుపత్రికి వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు రూమ్ రెంట్ లిమిట్ లేని పాలసీకి కొంచెం ఎక్కువ కట్టడమే నయం.

సరే, ఎవరు ఆగొచ్చు? ఈఎస్ఐ నడుస్తున్నవాళ్లు, వైద్య సేవ కచ్చితంగా వర్తిస్తూ ఆదాయం నెలనెలా తడబడుతున్నవాళ్లు అప్పు చేసి ప్రీమియం కట్టాల్సిన పనిలేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకే దొరికే ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు ఇస్తుంది. ఆసుపత్రి బిల్లు మాత్రం కట్టదు. ఫ్రీలాన్సర్లు, ఆదాయం 5 లక్షలు దాటినవాళ్లు, గ్రూప్ కవర్ లేకుండా బెంగళూరు తిరిగేవాళ్లు మాత్రం వాయిదా వేయకపోవడమే మంచిది.

ఇంకొక్క మాట. షుగర్, థైరాయిడ్, సిగరెట్ అలవాటు.. ఏదున్నా ఫారంలో రాయండి. "అవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయన్నా" అనే ఏజెంట్ రేపు క్లెయిమ్ రిజెక్ట్ అయితే ఫోన్ ఎత్తడు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే ముందు ఆ కంపెనీకే రాసి, ఫలితం లేకపోతే ఐఆర్‌డీఏఐ టోల్‌ఫ్రీ నంబర్ 155255కి ఫోన్ చేయండి. ఏపీవాళ్లకు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీస్ హైదరాబాద్‌లో ఉంది, అక్కడ ఫీజు ఉండదు.