కరెంట్ పోయి వచ్చాక కంప్యూటర్ గడియారం ఎందుకు వెనక్కి వెళ్తుంది?

ఇవాళ్టి టాపిక్ చూడ్డానికి చిన్నదే, కానీ దీనివల్ల డేటా పోతుంది. ఒక ఉదాహరణతో మొదలుపెడదాం.

ఒక కిరాణా షాపు అనుకోండి. కౌంటర్ పక్కన రాస్ప్‌బెర్రీ పై 4, దానికో కెమెరా. పది నిమిషాలకొక వీడియో ఫైల్ సేవ్ అవుతుంది. ఫైల్ పేరు అంటే ఆ రోజు తేదీ, టైమ్, అంతే. ఉదయం 9:50కి కరెంట్ పోయింది, 11:20కి వచ్చింది. రాత్రి లెక్క చూస్తే గల్లాలో డబ్బు తక్కువ. ఓనర్‌కి 9:35 టైమ్‌లో వచ్చినవాళ్ల మీద డౌట్. 9:30 ఫైల్ ఓపెన్ చేస్తే అందులో ఉన్నది 11:33 తర్వాత జరిగింది! అసలు 9:30 వీడియో ఎక్కడా లేదు. ఎవరూ డిలీట్ చేయలేదు. మరి ఏమైంది?

మీ ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న గడియారం చిప్ ఉంటుంది. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీతో అది నడుస్తూనే ఉంటుంది. డెస్క్‌టాప్‌లో అయితే మదర్‌బోర్డ్ మీద గుండ్రటి బిళ్ల బ్యాటరీ కనిపిస్తుంది కదా, సీఆర్2032, అది ఇందుకే. రాస్ప్‌బెర్రీ పై 4లో ఈ చిప్ లేదు. పై 5లో ఉంది, కానీ బ్యాటరీ మనం విడిగా కొని తగిలించాలి.

చిప్ లేకపోతే ఏం చేస్తుంది? చివరిసారి సేవ్ చేసుకున్న టైమ్ నుంచి మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ప్రోగ్రామ్ వాడే సెటప్‌లలో టైమ్ గంటకోసారి సేవ్ అవుతుంది. మన షాపులో చివరి సేవ్ 9:17కి. అంటే బయట 11:20 అయితే, లోపల 9:17. ఆ తర్వాత ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చుకోవాలి, దాన్నే ఎన్‌టీపీ అంటారు. కానీ వీధిలో కేబుల్ బాక్స్‌కి కరెంట్ లేటుగా వచ్చి, నెట్ 11:40కి వచ్చింది. ఆ 20 నిమిషాలూ కెమెరా ప్రోగ్రామ్ 9:20, 9:30 పేర్లతో కొత్త ఫైల్స్ రాసింది. పాత వాటి మీదే రాసేసింది.

ఇక్కడ ఒకటి గమనించండి. నెట్ రాగానే టైమ్ సరిపోయింది. సింక్ పని చేసింది. తప్పు జరిగింది ఆ మధ్యలో. టైమ్ కరెక్ట్ అవ్వకముందే, టైమ్‌ని నమ్ముకున్న ప్రోగ్రామ్ స్టార్ట్ అయిపోయింది. అసలు పాయింట్ ఇదే.

సరే, ఎలా చెక్ చేయాలి? లినక్స్‌లో టెర్మినల్ తెరిచి టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టండి. స్క్రీన్ మీద చూపిస్తున్నా. 'సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్' ఎదురుగా ఎస్ ఉందా, నో ఉందా చూడండి. 'ఆర్‌టీసీ టైమ్' దగ్గర టైమ్ బదులు ఎన్/ఏ అని ఉంటే గడియారం చిప్ దొరకలేదని అర్థం. తర్వాత జర్నల్‌సీటీఎల్‌తో ఈ బూట్ లాగ్ చూడండి. మధ్యలో టైమ్ ఒక్కసారిగా గంటో రెండు గంటలో దూకితే, దొంగ దొరికినట్టే.

ఇప్పుడు ఫిక్స్. చాలామంది సర్వీస్ ఫైల్‌లో 'ఆఫ్టర్ నెట్‌వర్క్ టార్గెట్' అని రాసి వదిలేస్తారు. అది చాలదు. నెట్‌వర్క్ చూసుకునే సాఫ్ట్‌వేర్ మొదలైందని మాత్రమే దానర్థం. 'నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్' కొంచెం నయం, కానీ రౌటర్ ఐపీ అడ్రస్ ఇచ్చేస్తే చాలు, అది ఓకే అనేస్తుంది. రౌటర్ వెనక ఇంటర్నెట్ ఉందో లేదో దానికి అనవసరం.

మనకి కావాల్సింది టైమ్ కాబట్టి టైమ్ కోసమే ఆగాలి. సిస్టమ్‌డీలో 'టైమ్ వెయిట్ సింక్' అనే సర్వీస్ ఉంది, దాన్ని ఎనేబుల్ చేయండి. మీ ప్రోగ్రామ్ సర్వీస్ ఫైల్‌లో 'ఆఫ్టర్ టైమ్ సింక్ టార్గెట్' అని రాయండి. క్రోనీ వాడేవాళ్లకి 'క్రోనీ వెయిట్' ఉంది. సింక్ అయ్యాకే మీ ప్రోగ్రామ్ లేస్తుంది.

కానీ ఆగండి, కెమెరాకి ఇది పెట్టొచ్చా? రోజంతా నెట్ రాకపోతే? టైమ్ వెయిట్ సింక్‌కి గడువంటూ లేదు, అలాగే కూర్చుంటుంది. కెమెరా రోజంతా రికార్డ్ చేయదు. ఇది ఇంకా ఘోరం కదా! అందుకే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక ప్రశ్న వేసుకోండి: టైమ్ తప్పుగా ఉండటం నష్టమా, అసలు పని చేయకపోవడం నష్టమా? బిల్లింగ్, బ్యాకప్ లాంటివి ఆగితే పర్లేదు. కెమెరా ఆగకూడదు. దానికి ఫైల్ పేరులో టైమ్‌తో పాటు బూట్ నంబర్ కూడా కలపండి. ప్రతి బూట్‌కీ ఒకటి పెరిగే నంబర్. అప్పుడు టైమ్ తప్పయినా పాత ఫైల్ మీద రాయదు.

కొంతమందికి నెట్ వచ్చినా టైమ్ సెట్ కాదు. పాత ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ తేడా 1000 సెకన్లు దాటితే భయపడి ఆగిపోతుంది. మొదటిసారి ఎంత తేడా అయినా ఒప్పుకోవాలంటే మైనస్ జీ ఆప్షన్ ఇవ్వాలి. బూట్‌లో ఒక్కసారి ఎన్‌టీపీడేట్ రన్ చేసే స్క్రిప్ట్ అయితే, ఆ క్షణంలో నెట్ లేకపోతే ఫెయిలై ఊరుకుంటుంది, మళ్లీ ప్రయత్నించదు. ఇలాంటి స్క్రిప్ట్ ఉంటే తీసేసి, ఎప్పుడూ నడుస్తూ ఉండే టైమ్‌సింక్‌డీ గానీ క్రోనీ గానీ పెట్టుకోండి.

పర్మనెంట్ మందు కావాలంటే డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్, బిళ్ల బ్యాటరీతో. మామూలు గది వేడిలో దాని తేడా పది లక్షల సెకన్లకి రెండు సెకన్లలోపు, అంటే ఏడాదికి సుమారు ఒక నిమిషం. గంటన్నర కరెంట్ కోత దానికో లెక్కే కాదు. నెట్ లేటుగా వచ్చినా టైమ్ ముందే కరెక్ట్‌గా ఉంటుంది.

మీ దగ్గర పై ఉంటే ఈ రోజే టెస్ట్ చేయండి. రౌటర్ ఆఫ్ చేసి, పైని షట్‌డౌన్ చేసి, పావుగంట ఆగి పైని మాత్రమే ఆన్ చేయండి. టైమ్ ఎంత చూపిస్తుందో, మీ ప్రోగ్రామ్ ఏ పేరుతో ఫైల్ రాస్తుందో చూడండి. కరెంట్ పోయినప్పుడు తెలుసుకోవడం కంటే ఇదే నయం. మళ్లీ కలుద్దాం, బై!