లారీలో పెట్టెలు, సి భాషలో లూపులు

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో మొదట వెతికేది అట్టపెట్టెలనే. సామాను కొత్త ఊరు చేరాక ఏం చేస్తాం? లారీలో పెట్టె ఉందా? ఉంటే దింపుతాం. ఇంకా ఉందా? మళ్ళీ దింపుతాం. లేకపోతే ఆగుతాం. పిల్లలూ, సి భాషలో వైల్ లూప్ అంటే ఇంతే. ఒక షరతు, అది నిజమైనంతసేపూ చేసే ఒక పని. లారీ ఖాళీగా వస్తే ఒక్క పెట్టె కూడా దించం, ఎందుకంటే షరతు ముందే చూస్తాం.

డూ-వైల్ తీరు వేరు. పులుసులో ఉప్పు సరిపోయిందా లేదా అన్నది ఒకసారి రుచి చూడనిదే తెలియదు కదా! పని ముందు, ప్రశ్న తర్వాత.

ఎన్నిసార్లు చేయాలో ముందే తెలిస్తే ఫర్ లూప్ హాయి. ఏడో ఎక్కం చూద్దాం. ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు... (మీలో పహాడాగా నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు, లెక్క అదే.) ఏడు మారదు, పక్క అంకె మారుతుంది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన ఈ భాషలో ఆ సంగతంతా ఒక్క వరుసలో ఇముడుతుంది: ఫర్ (ఐ = 1; ఐ <= 10; ఐ++). మొదటి ముక్క ఒక్కసారే జరుగుతుంది. ఆపైన షరతు, పని, పెంపు; మళ్ళీ షరతు, పని, పెంపు. ఐ విలువ 11 అయ్యాక షరతు తప్పుతుంది, లూప్ ఆగుతుంది. చివరికి ఐ ఎంత అని పరీక్షలో అడిగితే తొందరలో 10 అని రాసేస్తాం. జవాబు 11.

వైల్‌తో ఇదే ఎక్కం రాస్తూ ఐ++ మరిచిపోతే తెరనిండా ఏడు ఒకట్ల ఏడే. భయపడకండి, కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే మామూలుగా ఆగిపోతుంది. ఫర్ బ్రాకెట్ మూయగానే సెమీకోలన్ పెట్టేస్తే మాత్రం తప్పు దొరకడం కష్టం. లూప్ ఊరికే పదిసార్లు తిరుగుతుంది, ఆ తర్వాత 77 ఒక్కటే అచ్చవుతుంది. అది ఎందుకు 77 అయిందో మీరే చెప్పాలి.

సి భాషలో అరేల లెక్క 0తో మొదలవుతుంది. పది వస్తువులుంటే 0 నుంచి 9 దాకా. క్రితం బదిలీలో మా పెట్టెలకు నంబర్లు వేసింది అప్పుడే సి నేర్చుకుంటున్న మా మేనల్లుడు. జాబితాలో 24 పెట్టెలు, చివరి పెట్టె మీద 23. ఒకటి పోయిందని డ్రైవరు గారితో అరగంట వాదించాం. 0 నంబరు పెట్టె మీద మేమే కూర్చుని ఉన్నాం.