చెరువు బొమ్మలో ఖాళీ గళ్ళు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నీటి దారులను కంప్యూటర్‌లో బొమ్మగా గీసిన ఓ ఇంజనీరింగ్ విద్యార్థిని క్లాసులో అడిగింది: "సార్, తెరమీద తూము, అలుగు, కట్ట అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. పీడీఎఫ్ చేస్తే మాత్రం అక్షరాలున్న చోటల్లా గళ్ళే వస్తున్నాయి, ఎందుకు?"

ఈ ప్రశ్న నాకెంతో ఇష్టం. పీడీఎఫ్ లోపల ఏం జరుగుతుందో చూడ్డానికి ఇంతకన్నా మంచి దారి లేదు.

బొమ్మకు ఏరియల్ ఫాంట్ పెట్టి తెలుగు టైపు చేస్తే, అందులో తెలుగు లేదని ఆపరేటింగ్ సిస్టమ్ కనిపెట్టి, మనకు చెప్పకుండానే గౌతమి, నోటో సాన్స్ తెలుగు లాంటి తెలుగు ఫాంట్‌ను తెచ్చి పెడుతుంది. పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాముల్లో చాలావాటికి ఆ చొరవ లేదు. చెప్పిన ఫాంట్‌లోనే వెతుకుతాయి. అక్షరం దొరక్కపోతే 0 నంబరు రూపాన్ని అచ్చేస్తాయి. ఫాంట్లలో ఆ 0 స్థానం దొరకని అక్షరానికే కేటాయించారు; మామూలుగా అక్కడ ఉండేది ఖాళీ గడి. పీడీఎఫ్‌కు మొదటినుంచీ ఉన్న 14 ప్రామాణిక ఫాంట్లలోనూ తెలుగు లేదు.

ఫాంట్ మారిస్తే గళ్ళు పోతాయి. అసలు సొగసు ఆ తర్వాతే. 'ఇబ్రహీంపట్నం' అన్న మాట కంప్యూటర్‌కు 12 యూనికోడ్ సంకేతాల వరస. అందులో క్రావడి లేదు, న ఒత్తూ లేదు. బ, పొల్లు గుర్తు, ర అని విడివిడిగా ఉంటాయి. ఫాంట్‌లో దాగిన పట్టికలను తిరగేసి, పొల్లూ రకారమూ కలిసి క్రావడి అవుతాయని, దాన్ని బకారానికి ఏ పక్కన తగిలించాలో తేల్చేది హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజను. పీడీఎఫ్ పేజీలోకి వెళ్ళేవి మనం టైపు చేసిన సంకేతాలు కావు. ఆ ఇంజను ఎంచిన రూపాల నంబర్లు, వాటి స్థానాలు. పాత ప్రెస్సులో కంపోజిటర్ సీసపు ఒత్తులను ముందే పేర్చినట్టు, కూర్పంతా ఎగుమతిలోనే పూర్తికావాలి. పీడీఎఫ్ తెరిచేవైపు ఎవరూ ఒత్తులు కలపరు. ఈ మెట్టును వదిలేసిన ప్రోగ్రాములో 'బ్' ఒకచోట, 'ర' ఒకచోట నిలబడతాయి.

దీనికి కావలసిన సంకేతాలు, ఫాంట్లు చాలాకాలంగా ఉన్నాయి. యూనికోడ్ తొలి సంచికలోకి తెలుగు వచ్చింది 1991లో. పీడీఎఫ్‌కు మూలమైన ఆలోచనను అడోబీలో జాన్ వార్నాక్ రాసిందీ ఆ ఏడాదే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర సంస్థ సురవరం, మండలి వంటి ఫాంట్లు అందించింది.

ఇక గళ్ళకు, విడిపోయే ఒత్తులకు మందు. బొమ్మలు గీసే గ్రాఫ్‌విజ్ ప్రోగ్రాములో మొత్తం బొమ్మకు, పెట్టెలకు, గీతలకు తెలుగు ఫాంట్ పేరును మూడు చోట్లా చెప్పాలి. పాంగో, కైరో లైబ్రరీల ద్వారా పీడీఎఫ్ తీస్తే ఒత్తులు కుదురుతాయి. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను గీతలుగా మార్చేసే దారీ ఉంది. చూపుకు బాగుంటుంది గానీ ఆ పీడీఎఫ్‌లో 'అలుగు' అని వెతికితే దొరకదు, చూపులేని విద్యార్థికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు. పాఠానికి వాడే బొమ్మకు నేనది ఒప్పుకోను. రూపాల నంబర్లను తిరిగి యూనికోడ్‌కు ముడిపెట్టే పట్టికను కూడా పీడీఎఫ్‌లో పెట్టే ప్రోగ్రామునే ఎంచుకోవాలి. పరీక్ష తేలికే: పీడీఎఫ్‌లోంచి 'కట్ట'ను కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే 'కట్ట'గానే రావాలి.