జ్ఞాపకం మనది, వస్త్రం ఎవరిది?

బొంత లేని ఇల్లు ఒకప్పుడు మనలో అరుదు. చిరిగిన నేత చీరలు, రంగు వెలిసిన లుంగీలు, పిల్లలకు పొట్టివైపోయిన కమీజులు, అంచులు అరిగిన ఓణీలు ఏవీ వ్యర్థమయ్యేవి కావు. వాటిని ఉతికి, ఎండబెట్టి, పొరలు పొరలుగా పరచి, నాలుగు మూలలా బరువులు ఉంచి, ముందుగా టాకాలు వేసేవారు. ఆ తర్వాత బారెడు దారంతో దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోయేవారు. జుహ్ర్ నమాజు తర్వాత మొదలైన పని అస్ర్ అజాన్ వినిపించే వరకు సాగేది. తెలుగులో బొంత అన్నా, దక్కనీలో గుదడీ అన్నా అది ఆ ఇంటి స్త్రీల చేతి కష్టం.

ఈ విద్య మన ప్రాంతానికే పరిమితం కాదు. బెంగాల్ స్త్రీలు పాత చీరలు, ధోవతులతో కాంథాలు కుడతారు. పాత చీరల అంచుల నుంచి లాగిన రంగు దారాలనే వాటికి వాడటం అక్కడి పాత పద్ధతి. సింధ్ ప్రాంతపు రల్లీలు పెళ్లికూతురి సారెలో భాగంగా వెళతాయి. మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీలు నివసిస్తున్నారు. వారిలో ముస్లిములూ ఉన్నారు. వారి స్త్రీలు కుట్టే కవందీ అంచుల దగ్గర మొదలై, చుట్లు చుట్లుగా లోపలికి సాగి, నడి మధ్యన ముగుస్తుంది. నాలుగు మూలలా గుడ్డను మడిచి చేసిన చిన్న పువ్వులు అమర్చనిదే అది పూర్తయినట్లు వారు భావించరు.

బొంతకు మరొక లక్షణం ఉంది. అందులోని ప్రతి ముక్కా ఒకరి ఒంటిమీద ఉండి వచ్చినదే. అందుకే కుట్టిన చేయి ఆగిపోయి, బొంత సగంలో మిగిలినప్పుడు ఇంటివారికి ఏం చేయాలో తోచదు. కొందరు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. కొందరు మరణించినవారి బట్టలు ఇంట్లో ఉంచరాదన్న భయంతో బయట పారవేస్తారు. మరికొందరు ఎవరినీ అడగకుండా చేతికందినది తీసుకుపోతారు. ఈ మూడు పద్ధతులనూ ధర్మం వెలుగులో పరిశీలించవలసి ఉంది.

జ్ఞాపకానికి ధర్మం అడ్డు కాదు

మరణించినవారి వస్త్రాలు అశుభమన్న భావనకు ఇస్లాంలో ఆధారం లేదు. దైవప్రవక్త (స) పరమపదించిన తర్వాత ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి) అతుకులు పడి మందమైన ఒక పైవస్త్రాన్నీ, ఒక ముతక నడుము వస్త్రాన్నీ బయటికి తీసి చూపించారు. ఆ రెండు వస్త్రాలలోనే ఆయన (స) తుదిశ్వాస విడిచారని తెలిపారు. ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉంది. మానవాళికి మార్గదర్శిగా వచ్చిన మహనీయుని ఇంట మిగిలినది అతుకుల వస్త్రం. ఆయన (స) తన బట్టలు తానే కుట్టుకునేవారని కూడా ఆ తల్లే మనకు చెప్పారు. అతుకు వేసిన గుడ్డను చూసి సిగ్గుపడేవారు ఈ మాటలను గుర్తు చేసుకోవాలి.

అయితే వస్తువు పట్ల మమకారానికి ఒక హద్దు ఉంది. ఉన్ని, బొచ్చు, వెంట్రుకలతో తయారయ్యే గృహోపకరణాలను తన అనుగ్రహాలుగా పేర్కొంటూ అల్లాహ్, అవి ఒక కాలం వరకే ఉపయోగపడతాయని నహ్ల్ సూరాలో (16:80) తెలియజేశాడు. గుడ్డ చివికిపోతుంది. దాన్ని ధరించిన మనిషి కోసం మనం చేసే దుఆ చివికిపోదు.

దారప్పోగు కూడా ఆస్తే

ఇక్కడ మన కుటుంబాలు తరచుగా మరచిపోయే విషయం ఒకటుంది. మనిషి కన్నుమూసిన క్షణం నుంచి అతని భూమి, ఇల్లు, బంగారం మాత్రమే కాదు, తొడుక్కున్న కమీజు, కప్పుకున్న దుప్పటి, సూదిడబ్బా కూడా తర్కా అవుతాయి. ముందుగా కఫన్, దఫన్ ఖర్చులు, ఆ తర్వాత అప్పులు, ఆపై మూడో వంతుకు మించని వీలునామా. మిగిలినది వారసుల హక్కు. నిసా సూరా 11, 12 ఆయతులు ఈ వాటాలను నిర్ణయించాయి. వాటిలో వస్తువు చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు.

వయసు వచ్చిన వారసులు తమ వాటాను సంతోషంగా వదులుకోవచ్చు. పసిపిల్లల వాటాను వదులుకునే అధికారం మాత్రం ఎవరికీ లేదు. తల్లికీ లేదు, పెదనాన్నకూ లేదు. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారని అదే సూరా 10వ ఆయతు హెచ్చరిస్తోంది. పొలం విషయంలో ఈ హెచ్చరికను గుర్తుంచుకునేవారు కూడా బట్టల మూట దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఏమరుస్తారు.

మా ఇంటి బొంత

మా అమ్మీ తన చివరి శీతకాలంలో ఒక బొంత మొదలుపెట్టారు. ఆమె కూడా అంచుల నుంచే లోపలికి కుట్టేవారు. బయటి వరుసలో అబ్బా గళ్ల లుంగీ, దాని లోపల నానీమా తెల్లటి దుపట్టా, ఆ పక్కన మా పెద్ద ఆపా పెళ్లినాటి ఆకుపచ్చ ఓణీ, ఆపై భాయిజాన్ బడికి తొడుక్కుపోయిన ఖాకీ నిక్కరు గుడ్డ. నడి మధ్యన మూరెడు చోటు మిగిలిపోయింది. బొంతతో పాటు విడిగా ఒక మూట ఉంది. అందులో మా తమ్ముని కమీజులు నాలుగున్నాయి. అమ్మీ కంటే రెండేళ్ల ముందే అతను ఇద్దరు పసిపిల్లలను వదిలి అల్లాహ్ పిలుపును అందుకున్నాడు. అమ్మీ ఆ కమీజులకు కత్తెర తగిలించలేదు.

మధ్య చోటును ఆ కమీజులతో నింపాలన్నది అందరి కోరిక. తమ్ముడు అమ్మీకి ఎంత ప్రియమైనవాడో ఎరిగిన వారెవరికైనా అదే తోస్తుంది. కానీ లెక్క మరొకటి చెబుతోంది. తమ్ముడు విడిచిన ప్రతి వస్తువులో అతని భార్యకు ఎనిమిదో వంతు, అప్పటికి జీవించి ఉన్న అమ్మీకి ఆరో వంతు, మిగిలినదంతా అతని కుమారునికీ, కుమార్తెకూ చెందుతుంది. అమ్మీ తదనంతరం ఆ ఆరో వంతు మా నలుగురు తోబుట్టువులది. మిగతా దానిపై మాకు ప్రేమ ఉంది గాని, హక్కు లేదు.

కాబట్టి మూట విప్పకుండానే మరదలి ముందు ఉంచాము. మా నలుగురి ఆరో వంతును పిల్లలకే ఇచ్చివేస్తున్నామని చెప్పాము. ఆమె చాలాసేపు ఆ మూటపై చేయి వేసి కూర్చుంది. తర్వాత, "నా వంతు కూడా వాళ్లకే, ఆపా! పిల్లలు కప్పుకునేట్టు వీటితో చిన్న బొంత కుట్టిపెడతారా?" అని అడిగింది. అనాథల వస్త్రం అనాథల మేలుకే ఉపయోగపడుతున్నప్పుడు అందులో సందేహించవలసిందేమీ లేదు. నాలుగు కమీజులతో ఒక చిన్న బొంత తయారైంది. జేబులను విప్పకుండా అలాగే ఉంచాము. కుడుతున్నంతసేపూ పక్కన కూర్చున్న ఆరేళ్ల పాప, "ఇది ఇంటి బొంతా, మా బొంతా?" అని అడిగింది. "మీది. నీది, మీ అన్నయ్యది" అంటే సరేనని తల ఊపి, సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది.

ఇక అమ్మీ బొంత మధ్యన మిగిలిన మూరెడు చోటు. అమ్మీ చీరలకు, ఆ బొంతకు వారసులం మేము నలుగురమే. అందరం పెద్దవాళ్లం, అందరం అంగీకరించాము. తలా ఒక ముక్క మేము ప్రస్తుతం తొడుక్కుంటున్న బట్టల నుంచి ఇచ్చాము. అమ్మీ కుట్టు సన్ననిది, మా కుట్టు ముతకది. తేడా కంటికి కనిపిస్తుంది. దాన్ని దాచడానికి ప్రయత్నించలేదు.

మహాప్రవక్త (స) చూపిన మర్యాద

జ్ఞాపకం ముందు, హక్కు ముందు ఎలా మెలగాలో నేర్పే ఒక సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది. బద్ర్ యుద్ధంలో ఖైదీలుగా పట్టుబడిన వారిలో దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) భర్త అబుల్ ఆస్ కూడా ఉన్నారు. ఆయన విడుదల కోసం ఆమె మక్కా నుంచి పంపిన పరిహార ధనంలో ఒక హారం ఉంది. అది హజ్రత్ ఖదీజా (రజి) తన కుమార్తెకు పెళ్లి సమయంలో ఇచ్చిన హారం. దాన్ని చూడగానే ఆయన (స) హృదయం ద్రవించిపోయింది. ఖదీజా (రజి) మరణించి అప్పటికి కొన్నేళ్లు గడిచాయి.

అయినా ఆయన (స) ఆ హారాన్ని తీసుకోలేదు, తిరిగి పంపించమని ఆజ్ఞాపించనూ లేదు. మీకు సమ్మతమైతే ఆమె ఖైదీని విడుదల చేసి, ఆమె సొత్తును ఆమెకు తిరిగి ఇవ్వవచ్చునని సహచరులతో అన్నారు. వారు సరేనన్నారు. కళ్ల ముందు ప్రియమైన భార్య గుర్తు, మాట కాదనేవారు లేని నాయకత్వం. అంతటి స్థితిలోనూ ఆయన (స) నలుగురి సమ్మతి అడిగారు. మన ఇళ్లలో అమ్మ గాజులు, నాన్న గడియారం, నానీమా పాన్‌దాన్ ముందు కూర్చున్నప్పుడు ఈ హారం గుర్తుకు రావాలి.

జ్ఞాపకాన్ని బతికించే మార్గం కూడా ఆయన (స) చూపించారు. మేకను కోసినప్పుడల్లా ఖదీజా (రజి) స్నేహితురాళ్ల ఇళ్లకు మాంసం పంపేవారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) దారిలో తన తండ్రి స్నేహితుని కుమారుడు ఎదురైతే, తాను ఎక్కిన గాడిదను, తలపై ఉన్న తలపాగాను అతనికి ఇచ్చేశారు. పెద్దల జ్ఞాపకం వారు ప్రేమించిన మనుషులను చేరుకోవాలన్నదే ఇందులోని పాఠం.

వడికిన నూలును విప్పుకోవద్దు

గట్టిగా నూలు వడికి, ఆ తర్వాత దాన్ని తానే పోగులు పోగులుగా విప్పివేసిన స్త్రీలా కావద్దని దివ్య ఖుర్ఆన్ (16:92) హెచ్చరిస్తోంది. చేసిన ప్రమాణాలను భంగపరచే వారి గురించి ఇచ్చిన ఉపమానమిది. ఒక తల్లి జీవితమంతా శ్రమించి తోబుట్టువులను ఒక్కటిగా కుట్టి ఉంచితే, ఆమె పోయిన నలభై రోజులకే పెట్టె తాళం కోసం మాటలు మానుకునే సంతానం కూడా ఆ స్త్రీ చేసిన పనే చేస్తోంది.

ఇంట్లో ఒక మరణం సంభవించినప్పుడు ఈ నాలుగు విషయాలు పాటిద్దాం. బట్టలు, చిన్న వస్తువులతో సహా మిగిలినవన్నీ అందరి ఎదుట చూసి రాసుకోవాలి. పసివాళ్ల వాటాను ముందుగా వేరు చేయాలి. పెద్దల సమ్మతిని మొహమాటంతో కాకుండా, కాదనే స్వేచ్ఛ ఇచ్చి అడగాలి. ఆ తర్వాత ఎవరికి దక్కినది వారు ఉంచుకున్నా, కుట్టుకున్నా, పేదలకు సదఖా చేసి దాని పుణ్యాన్ని మరణించినవారికి కోరుకున్నా మేలే.

పూర్తయిన బొంతను పెట్టెలో దాచవద్దు. అది చలికి కప్పుకోవడానికి కుట్టినది. దాన్ని కప్పుకున్న పిల్లలకు ఏ ముక్క ఎవరిదో చెప్పండి, వారి పేరున దుఆ చేయడం నేర్పండి. మనిషి మరణించాక కూడా ఆగకుండా సాగే మూడింటిలో సంతానం చేసే దుఆ ఒకటని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చి ఉన్నారు.

మన పెద్దలను అల్లాహ్ క్షమించి, వారి సమాధులను జ్యోతితో నింపుగాక! వారు కలిపి వెళ్లిన బంధాలను తెంచకుండా నిలుపుకునే భాగ్యం మనకు ప్రసాదించుగాక! ఆమీన్.